ఫ్రీహోల్డ్ కొన్న మనవాళ్ళకు ఒక లీజ్‌హోల్డరు ఉత్తరం

ఇంగ్లండ్‌లో ఫ్లాట్ల బ్లాకుల ఫ్రీహోల్డ్ (అంటే నేల మీదా బిల్డింగు మీదా యాజమాన్యం) కొన్న, కొనే ఆలోచనలో ఉన్న తెలుగువాళ్ళందరికీ,

నమస్కారం.

ఈ ఉత్తరం ఇంగ్లిషులో రాసి ఉండొచ్చు. మా బ్లాకులో మిగతా ఏడు ఫ్లాట్ల వాళ్ళూ చదువుకునేవాళ్ళు. కానీ పోయినేడాది చలికాలం మొదట్లో ఒక పెద్దాయన ఫోన్లో నన్నొక ప్రశ్న అడిగారు. అడిగింది తెలుగులో. జవాబు కూడా తెలుగులోనే ఉండాలనిపించింది.

ఆయన మా బిల్డింగు ఫ్రీహోల్డరు. పేరు రాయను, మా ఊరి పేరూ రాయను. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, ముప్ఫయ్యేళ్ళు ఇక్కడ ఒళ్ళు వంచి పనిచేసి, రిటైరయ్యాక చేతిలో ఉన్న డబ్బుతో వేలంలో మా ఫ్రీహోల్డ్ కొన్నారు. మూడంతస్తుల ఇటుక బిల్డింగు, ఎనిమిది ఫ్లాట్లు, అందరికీ ఒకటే మెట్లదారి. ఫ్లాటుకి ఏడాదికి 200 పౌండ్ల గ్రౌండ్ రెంట్ (నేల అద్దె). అంటే 1,600 పౌండ్లు, కాలు కదపకుండా వచ్చే డబ్బు. కొన్నది మనవాళ్ళే అని తెలిసి నేనైతే సంబరపడ్డాను. ఆ ఉగాదికి పచ్చడి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను కూడా.

అక్టోబరులో పరంజా కట్టారు. గోడలు కడిగిస్తున్నారేమో అనుకున్నాం. నవంబరులో ఇంటికో బిల్లు వచ్చింది. పైకప్పు మొత్తం కొత్తది వేయించారట. ఫ్లాటుకి 4,300 పౌండ్లు, నెల రోజుల్లో కట్టాలి. నేను ఫోన్ చేసి, "అంకుల్, ఇంత పెద్ద పని చేయించే ముందు మాకు నోటీసులు ఇవ్వాలి కదా" అన్నాను.

"ఏమ్మా, నా బిల్డింగుకి నేను కప్పు వేయించుకోవడానికి మీ అందరి పర్మిషన్ తీసుకోవాలా?" అన్నారు.

కోపంతో అన్నమాట కాదు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మోసం చేసేవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. మంచివాడై ఉండి, తను చేస్తున్నది తప్పని తెలియని మనిషితో మాట్లాడటమే కష్టం.

మన దగ్గర ఇల్లంటే రెండే వేషాలు. ఒకరు ఓనరు, రెండోవాళ్ళు అద్దెకున్నవాళ్ళు. మేకు కొట్టాలన్నా, రాత్రి పదింటి తర్వాత గేటు తీయాలన్నా ఓనరుగారి దయ. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొంటే మనమే ఓనర్లం. రిజిస్ట్రేషన్ కాగితంలో ఫ్లాటుతో పాటు స్థలంలో ఇన్ని గజాల అన్‌డివైడెడ్ షేర్ అని రాస్తారు. ఆ గజాలే మన ధైర్యం. బిల్డింగు పాతబడి కూలగొట్టాల్సి వచ్చినా నేల మిగులుతుంది. మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ జీతం అన్నీ అసోసియేషన్ చూసుకుంటుంది. అసోసియేషన్ మీటింగులో కొట్టుకునేదీ మనమే, మళ్ళీ కలిసి టీ తాగేదీ మనమే.

ఇంగ్లండ్‌లో మూడో వేషం ఒకటుంది. అదే లీజ్‌హోల్డరు. నేల మీది, గోడలు మీవి, కప్పు మీది, మెట్లు మీవి. ఆ గోడల లోపల ఉన్న ఇల్లు మాత్రం 99 ఏళ్ళకో, 125 ఏళ్ళకో, 999 ఏళ్ళకో మేం కొనుక్కున్నది. బ్యాంకుకి పాతికేళ్ళు కడతాం. మీరు మొత్తం ఫ్రీహోల్డ్‌కి పెట్టినదానికి ఎన్నో రెట్లు మాలో ఒక్కొక్కరం ఒక్కో ఫ్లాటుకి పెట్టాం. అయినా చట్టం పుస్తకంలో మీరే ల్యాండ్‌లార్డు, మేం టెనెంట్లం. 1985 నాటి చట్టం పేరే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్. ఆ పేరు విని మమ్మల్ని అద్దెకున్నవాళ్ళ లెక్కలో వేసేస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది.

మన భాషలో దీనికి దగ్గరగా ఉన్నమాట కౌలు. కానీ ఎలాంటి కౌలు? పొలం ధర దాదాపు మొత్తం ముందే చెల్లించి, ఏటా శిస్తు కూడా కట్టి, గట్టు తెగితే గట్టు వేసిన కూలీ కూడా తనే భరించే కౌలు. ఆ గట్టు ఎవరు వెయ్యాలో, ఎంతకు వెయ్యాలో మాత్రం పొలంగలాయన ఇష్టం. ఇలాంటి కౌలుకి మన ఊళ్ళో ఎవరైనా ఒప్పుకుంటారా? మేం ఒప్పుకున్నాం. ఇక్కడ ఫ్లాట్లు చాలావరకు అలాగే దొరుకుతాయి కాబట్టి. సరిహద్దు దాటి స్కాట్లండ్‌కి వెళ్తే ఫ్లాట్లకి ఈ లీజు గొడవే లేదు, అది వేరే సంగతి.

పొలంగలాయన ఇష్టానికి కళ్ళెం వేయడానికే ఇక్కడ ఇన్ని చట్టాలు వచ్చాయి. వాటిని మీకు బోధించాలని కాదు నా ఉద్దేశం. నేను లాయర్ని కూడా కాదు. 4,300 పౌండ్ల బిల్లు పుణ్యమా అని చదవాల్సి వచ్చింది.

మొదట కొనేటప్పటి సంగతి చెప్పాలి. ఫ్లాట్ల బ్లాకు ఫ్రీహోల్డ్ అమ్మాలంటే, చాలా సందర్భాల్లో, అమ్మేవాళ్ళు ముందుగా అందులో ఉన్న లీజ్‌హోల్డర్లకే ఇస్తామని అడగాలి. ఇది 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని సెక్షన్ 5. వేలంలో పెడుతున్నట్టయితే వేలానికి కనీసం నాలుగు నెలల ముందు నోటీసు పంపాలి. అడక్కుండా అమ్మడం నేరం. ఇది అమ్మినవాడి తలనొప్పే కదా, నాకెందుకు అనుకోకండి. అలా అడక్కుండా అమ్మినదాన్ని మీరు కొంటే, అదే ధరకు మాకు అమ్మెయ్యమని లీజ్‌హోల్డర్లు మిమ్మల్ని అడగొచ్చు. వేలంలో సుత్తి దెబ్బ పడేలోపు "సెక్షన్ 5 నోటీసులు ఇచ్చారా, కాగితాలు చూపించండి" అని మీ సొలిసిటరు చేత అడిగించండి.

మా విషయంలో పాత ఓనరు నోటీసు సరిగ్గానే పంపారు. దాన్ని చెత్తబుట్టలో వేసింది మేమే. ఎనిమిది మందిలో ముగ్గురు ఫ్లాట్లు అద్దెకిచ్చి వేరే ఊళ్ళలో ఉన్నారు. ఒకావిడ దుబాయ్‌లో. మిగిలినవాళ్ళం ఆ కవరు చూసి ఇదేదో ప్రకటన అనుకున్నాం. తలా నాలుగు వేలు వేసుకుంటే ఫ్రీహోల్డ్ మాదయ్యేది. ఆ తర్వాత కప్పు బిల్లు కూడా దాదాపు అంతే వచ్చిందని గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

కొన్నాక, కొత్త ల్యాండ్‌లార్డు ఎవరో, అడ్రసేమిటో మాకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తర్వాతి రెంటు కట్టే రోజులోగా, అది రెండు నెలల లోపే వస్తే రెండు నెలలు పూర్తయ్యేలోగా. ప్రతి బిల్లు మీదా మీ పేరు, అడ్రసు ఉండాలి. మీరు ఇండియాలో ఉంటూ కొన్నట్టయితే మీ గుంటూరు అడ్రసు ఒక్కటే చాలదు. నోటీసులు అందుకోవడానికి ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో ఒక అడ్రసు ఇవ్వాలి. అది ఇచ్చేదాకా మేం రెంటూ, సర్వీస్ చార్జీ (బిల్డింగు ఖర్చుల్లో మా వాటా) కట్టనక్కర్లేదని చట్టమే చెబుతుంది. అంకుల్ మొదటి బిల్లు మీద అడ్రసు లేదు, వాళ్ళబ్బాయి ఈమెయిలు మాత్రం ఉంది.

ఇక కప్పు దగ్గరకి వస్తాను.

లీజ్‌హోల్డర్లలో ఏ ఒక్కరి వాటా అయినా 250 పౌండ్లు దాటే పని చేయించాలంటే 1985 చట్టం సెక్షన్ 20 ప్రకారం సంప్రదింపులు జరపాలి. ముందొక నోటీసు: ఫలానా పని చేయించాలనుకుంటున్నాం, కారణం ఇది, మీ అభిప్రాయం చెప్పండి, మీకు తెలిసిన కాంట్రాక్టరుంటే పేరివ్వండి. దానికి 30 రోజులు. తర్వాత కనీసం రెండు కొటేషన్లు తెప్పించాలి, వాటిలో ఒకటైనా మీకు ఏ సంబంధమూ లేని మనిషిది కావాలి. వాటిని మాకు చూపించి మళ్ళీ 30 రోజులు ఆగాలి. తక్కువ ధర చెప్పినవాణ్ణి కాదని ఇంకొకరికి ఇస్తే ఎందుకిచ్చారో చెప్పాలి. ఏడాది మించిన కాంట్రాక్టులకి, ఉదాహరణకి మూడేళ్ళ క్లీనింగ్ ఒప్పందానికి, ఇదే తంతు ఉంది. అక్కడ పరిమితి మనిషికి ఏడాదికి 100 పౌండ్లు.

"తీసుకోవాల్సింది పర్మిషన్ కాదు, అంకుల్" అని ఆ రోజు ఫోన్లో చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. మేం వద్దన్నా మీరు పని చేయించవచ్చు. లీజు ప్రకారం కప్పు బాగు చేయించడం మీ బాధ్యత కూడా. కానీ మమ్మల్ని అడగాలి, మేం చెప్పింది వినాలి, విన్నట్టు కాగితం మీద ఉండాలి. పెళ్ళిచూపులకు వెళ్ళే ముందు ఇంట్లో పెద్దమ్మని ఒక మాట అడుగుతాం చూశారా, ఆవిడ కాదంటే ఆగిపోతామని కాదు. అడక్కపోతే మాత్రం పదేళ్ళయినా ఆ మాట పోదు.

అడక్కపోతే ఇక్కడ ఏమవుతుందంటే, మనిషికి 250 పౌండ్లకి మించి వసూలు చేయలేరు. అంకుల్ లెక్క చూడండి. కప్పుకి అయిన ఖర్చు 34,400. ఎనిమిది మంది దగ్గర చట్టప్రకారం రాబట్టగలిగింది 2,000. మిగతా 32,400 పౌండ్లు ఆయన నెత్తిన. ఫ్రీహోల్డ్ కొన్న డబ్బంత మొత్తం ఒక్క కప్పులో పోయినట్టే.

ఈ లెక్క ఆయనకు చెప్పింది నేనే. అవతల చాలాసేపు మాట లేదు. ఇంతలో ఫోను ఆంటీ అందుకుని, "ఏం చెప్పావమ్మా, ఆయన కూర్చుండిపోయారు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు.

మాలో ఇద్దరు 250 పారేసి ఊరుకుందాం అన్నారు. హక్కు ప్రకారం వాళ్ళది తప్పని చెప్పలేను. కానీ కథ అక్కడితో అయిపోదు. సంప్రదించనవసరం లేకుండా మినహాయింపు ఇవ్వమని ల్యాండ్‌లార్డు ఇలాంటి తగువులు తేల్చే ట్రిబ్యునల్‌ని అడగొచ్చు, పని అయిపోయాక కూడా. నోటీసు ఇవ్వకపోవడం వల్ల లీజ్‌హోల్డర్లకి నిజంగా జరిగిన నష్టం ఏమిటన్నదే అక్కడ అసలు ప్రశ్న అని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. కప్పు నిజంగానే కారుతోంది. పై అంతస్తులో ఆవిడ రెండు చలికాలాలు బకెట్లు పెట్టుకుంది. కాబట్టి అంకుల్‌కి మినహాయింపు రాదని చెప్పలేం. అయితే ఆయన తెప్పించిన కొటేషను ఒక్కటే, అదీ తెలిసిన బిల్డరుది. మేం తలా కొంత వేసుకుని సర్వేయరుతో చూపిస్తే ఫ్లాటుకి 3,600 దాకా న్యాయమే అన్నాడు. చివరికి 3,500 దగ్గర తెగింది, పది వాయిదాల్లో, కాగితం రాసుకుని. ఆయన చేతి నుంచి పడింది 6,400. నాలుగేళ్ళ గ్రౌండ్ రెంట్ ఆ కప్పులో కలిసిపోయింది. రెండు ఉత్తరాలు, అరవై రోజుల ఓపిక ఉంటే మిగిలేది.

డబ్బు విషయం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది జారేది ఇక్కడే. మేం కట్టే సర్వీస్ చార్జి మీ ఆదాయం కాదు. చట్టం దాన్ని ట్రస్టు సొమ్ము అంటుంది. చీటీలు నడిపేవాళ్ళ చేతిలో డబ్బులాంటిది, చేతిలో ఉంటుంది గానీ సొంతం కాదు. దాన్ని మీ ఇంటిఖర్చుల అకౌంటులో కలిపేస్తే రేపు ఏది ఎవరిదో మీరే చెప్పలేరు. లీజులో రాయని ఖర్చు అడగడానికి లేదు. రిజర్వు ఫండు పేరుతో ముందే కొంత పోగుచేయడం మంచి ఆలోచనే, కానీ అది కూడా లీజులో ఉంటేనే. ఖర్చు సబబుగా ఉండాలి, పని కూడా సరిగ్గా ఉండాలి అని 1985 చట్టం సెక్షన్ 19లో ఉంది. సబబా కాదా అన్న తగువు వస్తే ఇంగ్లండ్‌లో ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు.

బిల్లుతో పాటు మా హక్కులూ బాధ్యతలూ చెప్పే ఒక కాగితం జతచేయాలి. దాని మాటలు ప్రభుత్వమే రాసిపెట్టింది, పొల్లుపోకుండా అలాగే పంపాలి. అది లేకపోతే బిల్లు ఆపి ఉంచే హక్కు మాకుంది. ఒక్క పేజీ ప్రింటు తీయక వేల పౌండ్లు నెలల తరబడి ఆగిపోయిన బ్లాకులు ఉన్నాయి. ఖర్చు పెట్టి 18 నెలలు దాటాక బిల్లు వేస్తే వసూలు కాదు, ఆలోపు ఇంత ఖర్చయింది, మీరు కట్టాల్సి ఉంటుందని రాసి తెలియజేస్తే తప్ప. లెక్కల సారాంశం అడిగే హక్కు, ఆ తర్వాత రసీదులు చూసే హక్కు మాకున్నాయి. రసీదులు అడిగితే నమ్మకం లేదా అని నొచ్చుకోకండి. పెళ్ళి ఖర్చుల లెక్క అన్నదమ్ముల మధ్య కూడా పుస్తకంలో రాస్తాం కదా.

బీమా గురించి అంకుల్‌ని నేను అడగలేదు, కానీ మీలో కొందరిని అడగాలి. బిల్డింగు బీమా మీరు తీసుకుంటారు, ప్రీమియం మేం కడతాం. బ్రోకరు దగ్గర కమిషను తీసుకుని, ఆ కమిషను కూడా మా ప్రీమియంలోనే కలిపే పద్ధతి ఇక్కడ చాలాకాలం నడిచింది. 2023 డిసెంబరు 31 నుంచి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ కొత్త నిబంధనలు తెచ్చింది. పాలసీలో లీజ్‌హోల్డర్ల ప్రయోజనం కూడా చూడాలని, కమిషన్ల వివరాలు వాళ్ళకు చేరాలని బీమా కంపెనీలకూ బ్రోకర్లకూ చెప్పింది. కమిషను తీసుకుంటుంటే దాచకండి. తీసుకోకపోతే ఇంకా మంచిది.

మేనేజింగ్ ఏజెంటుని పెట్టుకుంటే ఇదంతా వాళ్ళే చూసుకుంటారు అంటారా? చూసుకోవచ్చు. వాళ్ళు ఏదో ఒక ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యులై ఉండాలని 2014 అక్టోబరు నుంచి నియమం ఉంది, అది కనుక్కోండి. కానీ ఏజెంటు తప్పు చేస్తే లీజు ప్రకారం జవాబుదారీ మీరే. పని అప్పగించినా బాధ్యత మీ దగ్గరే ఉంటుంది.

మెట్లదారి గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. 2017 జూన్ 14 రాత్రి లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. తర్వాత వచ్చిన చట్టాలు ఎత్తయిన బిల్డింగులకే అనుకుంటారు చాలామంది. క్లాడింగు (బయటి గోడలకు తొడిగే పలకలు) ఖర్చు లీజ్‌హోల్డర్ల మీద వేయకుండా కాపాడే 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం రక్షణలు కనీసం 11 మీటర్లో ఐదంతస్తులో ఉన్నవాటికే, నిజమే. మా మూడంతస్తుల వాళ్ళకి అది లేదు. కానీ మెట్లు, వరండాలాంటి ఉమ్మడి చోట్లకు మంటల ప్రమాదం అంచనా వేయించడం ఎంత చిన్న బ్లాకుకైనా తప్పదు, దాన్ని పూర్తిగా రాసి ఉంచాలి. ఫ్లాట్ల ముందు తలుపులు కూడా ఆ లెక్కలోకి వస్తాయని 2021 చట్టం స్పష్టంగా చెప్పింది. మంటలొస్తే ఏం చేయాలో అందులో ఉంటున్నవాళ్ళకి చెప్పాలని 2023 జనవరి నుంచి నిబంధన ఉంది.

ఇక్కడ మాత్రం అంకుల్ నా మీద గెలిచారు. మా గుమ్మం బయట చెప్పుల స్టాండు ఉండేది. పండగలకి చిన్న ముగ్గు, పక్కన తులసి కుండీ, మూడో ఫ్లాటు వాళ్ళ బేబీ బండి. అంచనా వేయడానికి వచ్చినతను ఫొటో తీసి, ఇవన్నీ తీసేయాలన్నాడు. అంకుల్ ఫోన్ చేసి, "నాక్కూడా బాధే అమ్మా, కానీ పొగలో జనం తట్టుకుని పడతారు" అన్నారు. చెప్పులు లోపలికి వచ్చాయి. తులసి ఇప్పుడు వంటింటి కిటికీలో ఉంది. ముగ్గు మాత్రం ఉంది, ముగ్గుకి ఎవరూ తట్టుకుని పడరు కదా.

అంటే మా వైపు కూడా తప్పులున్నాయి. వాటిని దాచి మీకు నీతులు చెప్పడం బాగోదు. లీజు చదవకుండా సంతకం పెట్టేవాళ్ళం మనలో ఎక్కువ. కార్పెట్ తప్పనిసరి అని లీజులో రాసున్నా చెక్క నేల వేయించి, కింద ఫ్లాటులో వాళ్ళకి అర్ధరాత్రి అడుగుల చప్పుడు వినిపిస్తాం. అడక్కుండా గోడ పగలగొడతాం. మెట్ల లైటు వెలగడం లేదన్న కోపంతో సర్వీస్ చార్జి మొత్తం ఆపేస్తాం. అలా ఆపడం చాలాసార్లు మాకే ఎదురు తిరుగుతుంది. వివాదం ఉన్నంత మొత్తం పక్కన పెట్టి మిగతాది కట్టడమే తెలివైన పని. సరైన పద్ధతిలో అడిగిన గ్రౌండ్ రెంటు కూడా కట్టి తీరాలి. అయితే దాన్ని అడగడానికి కూడా ప్రత్యేకమైన ఫారం ఉంది. అది రాకుండా బాకీ పడ్డట్టే కాదు.

చిన్న బాకీకే "ఫ్లాటు వెనక్కి తీసేసుకుంటాం" అని లాయరు చేత ఉత్తరం రాయించే ఫ్రీహోల్డర్లకి ఒక మాట. బాకీ 350 పౌండ్లు దాటాలి, లేదా మూడేళ్ళు మించి ఉండిపోవాలి. ఆ తర్వాత కూడా ట్రిబ్యునలో కోర్టో తేల్చాలి. లక్షల విలువైన ఇంటిని నాలుగొందల కోసం బెదిరించడానికి వాడుకుంటే, మన ఊళ్ళో అప్పు పత్రం మీద పొలం రాయించుకున్న షావుకారికీ మీకూ తేడా ఏముంది?

కొత్తగా లీజులు రాసేవాళ్ళకి ఇంకొకటి. 2022 జూన్ 30 నుంచి ఇచ్చే చాలా కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంటు ఏడాదికి ఒక మిరియపు గింజే. హాస్యానికి అనడం లేదు, చట్టంలో నిజంగానే అలా ఉంది. అంతకు మించి వసూలు చేస్తే 500 నుంచి 30,000 పౌండ్ల దాకా జరిమానా. మాది పాత లీజు కాబట్టి మా 200 అలాగే ఉంది. రేపు చట్టం ఇచ్చిన హక్కుతో లీజు పొడిగించుకుంటే అది కూడా మిరియమే అవుతుంది. అప్పుడు అంకుల్ ప్రతి ఏడూ అడగాలనుకుంటే నా పోపుల డబ్బాలోంచి ఒకటి తీసి కవర్లో పెట్టి పంపిస్తాను.

1,600 పౌండ్లు కదలకుండా వస్తాయని ఫ్రీహోల్డ్ కొనేవాళ్ళు ఇవన్నీ లెక్కలో వేసుకోవాలి. వేలం కేటలాగులో గ్రౌండ్ రెంటు లావు అక్షరాల్లో ఉంటుంది. కప్పు, మెట్లు, మురుగు గొట్టాలు, నోటీసులు, రసీదులు లీజులో నలభయ్యో పేజీలో ఉంటాయి. ఈ పని మీద ఆసక్తి లేకపోతే ఆ డబ్బు ఇంకెక్కడైనా పెట్టుకోండి. ఉంటే మాత్రం ప్రభుత్వ నిధులతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ రాసిపెట్టిన పేజీలు కొనేముందే ఒక్కసారి చదవండి.

చివరగా, అంకుల్, ఇది మీకే. మేం రైట్ టు మేనేజ్ కంపెనీ, అంటే బిల్డింగు నిర్వహణ లీజ్‌హోల్డర్లే చేతిలోకి తీసుకునే కంపెనీ, పెట్టబోతున్నాం. మీ తప్పు ఏదీ నిరూపించనక్కర్లేదు, సగం ఫ్లాట్ల వాళ్ళు చేరితే చాలు. మాలో ఇప్పటికే ఐదుగురు చేరారు. 2025 మార్చి నుంచి, మామూలుగా జరిగే కేసుల్లో, ఇందులో మీకయ్యే ఖర్చులు మా మీద పడవు, ఆ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత దాచానని అనుకోకూడదు. గ్రౌండ్ రెంటు మీకే వస్తుంది, బిల్డింగు మీదే. నిర్వహణ మా చేతికి వచ్చిన రోజు నుంచి ఆ కంపెనీలో మీరూ సభ్యులు కావచ్చు, మీకూ ఓటుంటుంది. కాంట్రాక్టర్లతో బేరం ఆడటం మాలో ఎవరికీ చేతకాదు. మీకు వచ్చు.

మొదటి మీటింగు వచ్చే ఆదివారం నాలుగింటికి మా ఫ్లాటులో. ఆంటీని కూడా తీసుకురండి. చెప్పులు లోపల విప్పుకోవాలి.

మీ బిల్డింగు రెండో అంతస్తు నుంచి,
ఒక లీజ్‌హోల్డరు